మోకా పాట్ ముందు కాటా మేస్త్రి

పది రోజులుగా ఒక్క కప్పు కాఫీ కాటా మేస్త్రికి కొరకరాని కొయ్యగా తయారైంది. బజారులో ఏ దుకాణంలో తూకం తేడా వచ్చినా ఆయన్నే పిలుస్తారు. బంగారం తూచే బుల్లి కాటా నుంచి లారీలు ఎక్కే పెద్ద కాటా దాకా ఆయన చేతికి లొంగనిది లేదు. అంతటి మనిషి, జానెడు ఎత్తైనా లేని, మోకా పాట్ అనే అల్యూమినియం కాఫీ పాత్ర ముందు తల పట్టుకుని నిలబడిపోయాడు.

సంగతేమిటంటే, ఆయన భార్య ఒక బేకరీలో రుచి చూసే మనిషి. పిండి కలిపేవాళ్ళు వేరు, పొయ్యి చూసుకునేవాళ్ళు వేరు. కానీ ఏ పిండి ముద్దయినా, ఏ క్రీమయినా ముందు ఆవిడ నాలుక మీద పడాల్సిందే. ఆవిడ తల ఊపితేనే పని ముందుకు సాగుతుంది. పద్నాలుగేళ్ళుగా ఇదే తంతు. నెల కిందట ఆవిడకి జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది. డాక్టరు బాగానే ఉందన్నాడు. ఆవిడ మాత్రం పనిలోకి వెళ్ళడం లేదు. ఇవాళ అంటే రేపు, రేపు అంటే ఎల్లుండి. బేకరీ యజమానురాలు ఫోన్ చేసి, సోమవారం దాకా చూస్తాననీ, ఆ తర్వాత ఇంకొకర్ని పెట్టుకోక తప్పదనీ మర్యాదగానే చెప్పేసింది.

మేస్త్రి భార్యని అడగ్గా అడగ్గా ఆవిడ ఒకరోజు విసుక్కుంది. "పొద్దున్నే మంచి కాఫీ ఒకటి పడితేగాని నాకు ఒంట్లో ఓపిక రాదండీ. చేతుల్లో బలం లేక ఆ పాత్ర బిగించలేకపోతున్నాను. నేను చేసేలాంటి కాఫీ మీరు ఒక్కరోజు చేసి ఇవ్వండి. ఆ రోజే లేచి వెళ్తాను."

ఇంకొకరైతే మాటవరసకి అన్నదిలే అనుకునేవారు. మేస్త్రి దాన్ని సంతకాలైన ఒప్పందంలా పట్టుకున్నాడు. వెంటనే బావమరిదికి ఫోన్ కొట్టాడు. ఆ కుర్రాడు కాఫీ దుకాణంలో పని చేస్తాడు, బావ మీద ఒక చెణుకు విసరకుండా ఒక్క మాటా చెప్పడు.

"బావా, ఇది కాటా కాదు, కాఫీ. రెంచీలు, సుత్తులు పక్కన పెట్టేసి విను. కింది గిన్నెలో ఆ చిన్న వాల్వు ఉంది చూడు, దానికి కిందిదాకానే నీళ్ళు. ముందే వేడిచేసి పొయ్యాలి, లేకపోతే నీళ్ళు కాగేలోపు పొడి మాడుతుంది. గరాటులో పొడి నింపి వేలితో సమంగా తుడిచెయ్యి. అదిమావో, చచ్చావే! సన్న మంట పెట్టి, మూత తీసి చూస్తూ ఉండు. పై కూజాలోకి కాఫీ చిక్కగా, మెల్లగా వస్తుంది. రంగు పాలిపోయి గరగరమనబోతుండగానే దించి, అడుగుకి చన్నీళ్ళు తగిలించు. అంతే!"

మేస్త్రి ఒక నోటుపుస్తకం పెట్టాడు. పొడి పదహారు గ్రాములు, నీళ్ళు నూటయాభై మిల్లీలీటర్లు, నాలుగు నిమిషాల పది సెకన్లు. చివరి గడిలో భార్య తీర్పు. మొదటి రోజు 'చేదు' అంది. మర్నాడు పొడి ఒక గ్రాము తగ్గించాడు. 'ఇంకా చేదు' అంది. తగ్గిస్తే చేదు పెరగడమేమిటి? మూడోరోజు మళ్ళీ మొదటి రోజు లెక్కే పెట్టాడు. గ్రాము తేడా లేదు, సెకను తేడా లేదు. ఆవిడ ఒక గుక్క తాగి, ఆయన మొహంకేసి చూసి, "పలచగా ఉందండీ" అంది.

ఇదేం చోద్యమో మేస్త్రికి అంతుపట్టలేదు. పొడి మార్చాడు. నీళ్ళు మార్చాడు. శుభ్రంగా ఉన్న రబ్బరు వాషరు పీకి కొత్తది వేశాడు. పొయ్యి బర్నరు ఊడదీసి సూదితో చిల్లులు పొడిచాడు. అంకెలన్నీ వరసగా ఉన్నాయి, తీర్పులు మాత్రం కోతి చేతికి చిక్కిన పూలదండలా ఉన్నాయి. పోనీ తనే రుచి చూసి తేల్చుకుందామంటే ఆ నమ్మకమూ లేదు. కాఫీ వేడిగా ఉంటే చాలు, గటగటా తాగేసి సంచీ తగిలించుకుని వెళ్ళిపోయే రకం ఆయన. ఈ ఇంట్లో ఏది బాగుందో, ఏది బాగాలేదో తేల్చే పని పెళ్ళయిన రోజు నుంచీ ఆవిడదే.

ఆ శనివారం ఒక కిరాణా దుకాణంలో కాటా బాగుచేస్తున్నాడు. దుకాణదారు లబోదిబోమంటున్నాడు. "మూడుసార్లు రాళ్ళు మార్చానండీ మేస్త్రిగారూ. అయినా తూకం కుదరడం లేదు. ఈ రాళ్ళు చేసేవాళ్ళంతా దొంగలు!"

"రాళ్ళని ఎందుకయ్యా ఆడిపోసుకుంటావ్?" మేస్త్రి నవ్వాడు. "ఒకే సరుకుకి ఒకే రాయి రెండుసార్లు పెట్టి చూడు. రెండుసార్లూ రెండు రకాలుగా తూగితే తప్పు రాయిది కాదు, కాటాది."

అన్నాడే గాని, ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అక్కడే ఆగిపోయింది. ఛ, ఛ, అనుకున్నాడు. ఆ కాటాని ఎలా బిగించాడో, ఇంటికి ఏ దారిన వచ్చాడో ఆయనకే తెలియదు. రాత్రి తను వండిన కూరలో ఉప్పు మరిచిపోయిన సంగతి మొదటి ముద్దకే తెలిసింది. ఎదురుగా భార్య మాట్లాడకుండా తింటోంది. ఇన్నాళ్ళూ దాన్ని తన మీద జాలి అనుకున్నాడు.

ఆదివారం పొద్దున్న ఒకే ఒక్కసారి కాఫీ పెట్టాడు. ముందు వచ్చింది చిక్కగా, వెనక వచ్చింది పలచగా ఉంటుంది కాబట్టి పై కూజాలో చెంచాతో బాగా కలిపాడు. రెండు కప్పుల్లో సమంగా పోసి మంచం దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇది పాత పొడి, ఇది కొత్త పొడి. ఏది నయమో చెప్పు," అన్నాడు. భార్యతో ఆయన అబద్ధమాడడం అదే మొదలు. రెండూ ఒకటేనని పట్టేసి తనని నాలుగు తిట్టాలని మనసులో వెయ్యి మొక్కులు మొక్కుకున్నాడు.

ఆవిడ మొదటి కప్పు తాగింది. ఆయన మొహం చూసింది. "ఇది కొంచెం చేదు." రెండోది తాగింది. "ఇదే నయం. కాకపోతే కాస్త పలచన."

మేస్త్రి అబద్ధం అక్కడితో ఆపేశాడు. "రెండూ ఒకే పాత్రలోవి."

ఆవిడ కప్పు కింద పెట్టింది. కిటికీవైపు చూస్తూ చెప్పింది. "జ్వరం తగ్గిన రోజు నుంచీ నోట్లో ఏమీ తెలియడం లేదండీ. వాసనా లేదు. వేడి, చల్లన తెలుస్తాయి, అంతే."

"మరి చేదనీ, పలచననీ..."

"మీరు ఆ పుస్తకం పట్టుకుని నా మొహంలోకి చూస్తుంటే ఏదో ఒకటి అనాలి కదా. నిన్న చేదన్నాను, ఇవాళ పలచన అందాం అనుకునేదాన్ని."

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. "పది రోజులు నన్ను పిచ్చివాణ్ణి చేశావు! నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మా యజమానురాలు ఫోన్ చేసినప్పుడు మీరు చెప్పేసేవారు. మీకు అబద్ధం చేతకాదు." ఆవిడ దుప్పటి ముడతలు సరిచేసింది. "రేపు ఆరింటికల్లా పిండి తెచ్చి నా ముందు పెడతారు. నేనేం చెప్పను? పద్నాలుగేళ్ళు ఆ నాలుకే కదండీ నేను అక్కడ."

కోపం ఎటు పోయిందో పోయింది. ఊరికే నిలబడలేక ఆవిడ కప్పు తీసుకుని ఒక గుక్క తాగాడు. "చేదుగానే ఉంది," అన్నాడు.

"ఎక్కడ?"

"ఎక్కడంటే?"

"నాలుక మీద ఎక్కడండీ? ముందా, వెనకా?"

ఆయన ఇంకో గుక్క తాగాడు. "వెనకాల. గొంతు దగ్గర. మింగాక కూడా పోవడం లేదు."

"మొదట్లో పులుపు తగిలిందా?"

"లేదు. ఉండు... లేదు."

"అయితే గరగరమన్నాక కూడా పొయ్యి మీదే ఉంచేశారు."

నిజమే. ఆ పూట ఆలోచనల్లో పడి ఆలస్యంగా దించాడు. వంటింట్లోకి తొంగి కూడా చూడని మనిషికి ఆ ముక్క ఎలా తెలిసిందో అర్థంకాక మేస్త్రి నోరు వెళ్ళబెట్టాడు. ఆవిడ కూడా తన మాట తనే విని ఆశ్చర్యపోయినట్టు లేచి కూర్చుంది.

"మళ్ళీ పెడదాం పదండి," అంది. నెల తర్వాత మొదటిసారి పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడింది. కూజాలోకి కాఫీ ఊరుతుంటే రంగు చూస్తూ, "రేపు వెళ్తాను," అంది. "యజమానురాలికి ఉన్నదున్నట్టు చెప్తాను. ఎవరో ఒకరు రుచి చూడనీ, నేను ఇలాగే అడిగి తేలుస్తాను. ఉంచుకుంటే ఉంచుకుంటుంది, లేదంటే లేదు. దించండి, దించండి!"

మేస్త్రి దించి, అడుగుకి చన్నీళ్ళు తగిలించి, కప్పులో పోశాడు. తాగాడు. చేదు లేదు. ఇంకేదో ఉంది, దాన్ని ఏమనాలో తెలియలేదు.

ఆవిడ దగ్గరగా వచ్చింది. "నేను చేసినట్టు ఉందా?"

ఆయన వెతుక్కున్నాడు. ఇరవై రెండేళ్ళు రోజూ ఆవిడ చేతి కాఫీ తాగాడు. ఎంత వెతికినా వేడి తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. ఆ రుచి తెలిసిన నాలుక ఈ లోకంలో ఒక్కటే ఉండేది, అదీ పోయింది. ఔను అనేస్తే సరిపోతుంది. ఆవిడ రేపు ధైర్యంగా వెళ్తుంది.

"నాకు తెలియదు," అన్నాడు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, కప్పు మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.

"మెల్లగా తాగండి," అంది.