లేని నడవ చుట్టూ

ఏటా సెప్టెంబరులో, చర్చి పండుగ నాడు, ఊరంతా చేతులు పట్టుకుని చర్చి చుట్టూ నిలబడి దాన్ని కౌగిలించుకోవాలి. ప్రార్థనలు ఆగిపోయి, కప్పు కింది కొయ్య దేవదూతల రెక్కల మీద పావురాలు కాపురం పెట్టినా ఆ ఆచారం మాత్రం ఆగలేదు. చేతులు కలవని ఏడాదే ఈ ఆచారానికి ఆఖరుదని పెద్దలు ఎప్పుడో అనుకున్నారు. ఈసారి కలుస్తాయా అన్నదే ఆ ఊరి పిల్ల హెస్టర్ బెంగ.

ఇంగ్లండులోని నార్ఫోక్ చిత్తడి నేలల మీదుగా పొగమంచు వచ్చి సమాధుల మధ్య పాలలా నిలిచింది. చెకుముకి రాళ్ల గోడలు, గుండ్రటి బురుజు అందులో తేలుతున్నట్టున్నాయి. ఉత్తరపు గోడలో పూడ్చేసిన కమానులున్నాయి. వాటికి ఇవతల ఒకప్పుడు చర్చిలోనే భాగంగా, కప్పున్న పక్క నడవ ఉండేది. మహమ్మారికి ఊరు సగమైపోయాక, ఇంత చర్చి ఎందుకని దాన్ని కూల్చేశారు. వందల ఏళ్లు గడిచినా జనం గోడను ఆనుకుని నిలబడరు. గడ్డిలో ఉబ్బెత్తుగా కనబడే పునాది వెంట, లేని నడవను కూడా కలుపుకుని నిలబడతారు.

అందుకే మనుషులు చాలలేదు. హెస్టర్‌కూ, ఒకప్పుడు గంటలు మోగించిన ఎంబ్రోజ్ తాతకూ మధ్య ఖాళీ మిగిలింది.

"ఇంకాస్త చాపవే పిల్లా!"

"ఇంతకంటే రాదు తాతా," అని గొణిగింది హెస్టర్.

"గోడ దగ్గరికి జరిగితే పోయె! గాలిని కౌగిలించుకోవడమేంటి?" అని రొట్టెల కొట్టు టామ్‌సిన్ నవ్వింది.

"నోర్ముయ్యవే," అంది హెస్టర్ అమ్మమ్మ డోర్కస్. "ఆ నడవ లోపల సమాధుల్లో పడుకున్నవాళ్లని చలిలో వదిలేస్తామా? మా అమ్మ ఇక్కడే నిలబడింది, నేనూ ఇక్కడే." ఆమె గొంతు తగ్గింది. "కలవకపోతే ఇంతటితో సరి."

హెస్టర్ కళ్లు మూసుకుంది. మంచులోంచి మైనం వాసన వచ్చినట్టయింది. నడవ మళ్లీ లేచి నిలబడ్డట్టు, దాని గోడ మీది రంగుల బొమ్మలో ఒక మహాకాయుడు బిడ్డను భుజాన మోస్తూ ఏరు దాటుతున్నట్టు అనిపించింది. కళ్లు తెరిస్తే తనకూ తాతకూ మధ్య ఖాళీలో, దురదగొండి పొదలో, ఆ నడవ మూలగోడ మొండి భుజమెత్తున నిలబడి ఉంది. హెస్టర్ దాని తడి రాతి మీద అరచెయ్యి ఆనించింది.

"తాతా, అటువైపు నువ్వు పట్టుకో!"

ఆ పిల్ల గొంతు అంత గట్టిగా అంతకుముందు ఊళ్లో ఎవరూ వినలేదు.

"రాయినా?"

"రాయేంటి తాతా, చర్చే! ఎప్పుడూ మనమే పట్టుకుంటాం. ఈసారి అది మన చెయ్యి పట్టుకోనీ."

ఎంబ్రోజ్ తాత డోర్కస్ వైపు చూశాడు. అందరూ అటే చూశారు.

"చూస్తావేం, పట్టుకో," అంది ఆమె చివరికి. "కాయలు కాసిన నీ చెయ్యి కంటే ఆ రాయే మెత్తన పిల్లకి."

నవ్వులు వలయమంతా తిరిగొచ్చాయి. మామూలుగా అయితే అందరూ కలిసి ముందుకూ వెనక్కీ ఊగాలి. రాయి ఊగదు కాబట్టి ఎవరూ కదల్లేదు. మంచులో ఎవరో సన్నగా పాట ఎత్తుకున్నారు.

పాట అయిపోయాక కూడా చేతులు వదలమని అమ్మమ్మ చాలాసేపు చెప్పలేదు.