ఒడ్డు వైపు పేర్లు

మా అత్తగారు ఎల్స్‌పెట్ పోయిన రోజు మార్చి నెల పెద్ద ఆటు. సముద్రం బాగా వెనక్కి వెళ్ళింది. నేను వంటగదిలో నిలబడి, పలకరించడానికి వచ్చినవాళ్ళ కోసం రొట్టెలకు వెన్న రాస్తున్నాను. కిటికీలోంచి చూస్తే, నాచు వేలాడుతూ, చివరి బండ నల్లగా బయటపడి ఉంది. ఏడాదికి రెండుసార్లే అది నీళ్ళలోంచి లేస్తుంది. "ఈసారి నిన్ను దాని దాకా తీసుకెళ్తా పంతులమ్మా. దాని పేరు అక్కడ నిలబడే చెప్పాలి" అని ఆవిడ ముందు వారమే అంది. ఇంతలో నా భర్త వాటీ తొంగిచూసి, "టీ అయిపోయినట్టుంది, చూడు" అన్నాడు. నీళ్ళు మరగబెట్టాను, కప్పులు కడిగాను. మళ్ళీ తలెత్తేసరికి బండ మునిగిపోయింది.

నేను కొండ అవతలి పొలాల ఊరి నుంచి పోర్ట్‌స్కేర్‌కు కోడలిగా వచ్చాను. కొత్తలో ఆవిడ నా చేతులు తిప్పి చూసి, "సుద్దముక్క పట్టే చేతులు. వీటితో ఒక్క ఆల్చిప్ప విప్పమను, చూద్దాం" అని నా ఎదుటే పొరుగావిడతో అంది. ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. మూడో ఏడు నా కడుపు నిలవలేదు. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. శనివారం పొద్దున ఆటు వేళకు ఆవిడ బుట్ట ఒకటి నా చేతికిచ్చి, "రా" అంది, అంతే. చలికి వేళ్ళు తిమ్మిరెక్కేదాకా ఇద్దరం ఆల్చిప్పలు ఏరాం. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఆవిడ శనివారాలు నావి. అంతకన్నా విలువైనది నాకెవరూ ఇవ్వలేదు.

ఎర కోసం ఆల్చిప్పలు ఏరిన ఆడవాళ్ళు ప్రతి బండకూ ఒక పేరు పెట్టుకున్నారు. ఒకటి జెస్సీ నొప్పులు. ఆల్చిప్పలు ఏరుతుండగా జెస్సీకి పురిటినొప్పులొచ్చింది అక్కడే. నీళ్ళ అంచునున్న చదును బండ మొగుళ్ళ మెట్టు. ఒకసారి దాని మీద నిలబడి అత్తగారు చెప్పింది:

"మా అమ్మ మా నాన్నని ఇక్కడే వీపుకెత్తుకుని పడవ దాకా మోసేది. బూట్లు తడిస్తే ఆయన రోజంతా చలికి చస్తాడని. తను నడుం దాకా తడిసి, ఇంటికొచ్చి మర్నాటి గాలాలకి ఎర గుచ్చేది."

"బరువుండేవారా అత్తమ్మా?"

"మొగుడెప్పుడు తేలికయ్యాడే పిల్లా!"

ఆవిడ పోయిన నెలకు వాటీ తను పెన్సిల్‌తో గీసిన ఊరి పటం తెచ్చాడు. రేవు గోడకు పెడతారట. "నీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది. శుక్రవారానికి శుభ్రంగా రాసిపెట్టు" అన్నాడు. అందులో చేపలు పడే చోట్లున్నాయి, పడవలు పగిలిన చోట్లున్నాయి, పడవ నడిపినవాళ్ళ పేర్లున్నాయి. మా ఒడ్డున ఒకే ఒక బండ ఉంది. పేరు బాతు.

"ఇది ఒకటి కాదు వాటీ, మూడు."

"పడవలోంచి ఒకటే. అచ్చం బాతులా ఉంటుంది."

"ఒడ్డు నుంచి మూడు."

"ఒడ్డు నుంచి ఎవరు చూస్తారు?"

అతను మాట తూలే మనిషి కాదు. నిజంగానే అడిగాడు. గాలివానలో పడవలు రావడం ఆలస్యమైన ప్రతిసారీ వాళ్ళమ్మ ఎక్కడ నిలబడేదో అతనికి తెలియదు. పడవలోనే ఉండేవాడు కదా.

గురువారం బడి అయ్యాక పటం పక్కన కొత్త కాగితం పరిచి, వాటీ రాసినవన్నీ దాని మీద రాశాను. తర్వాత అతన్ని అడగకుండానే, అదే పరిమాణంలో, అదే నల్లసిరాతో ఒడ్డు వైపు పేర్లు రాశాను. వాటీ వచ్చి వంగి చూశాడు. మొగుళ్ళ మెట్టు దగ్గర అతని వేలు ఆగింది. వాళ్ళ అమ్మమ్మ సంగతి చెప్పాను.

"అమ్మ నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

"నువ్వెప్పుడూ బుట్ట పట్టలేదు."

నవ్వుతాడేమో, కసురుకుంటాడేమో అనుకున్నాను. రబ్బరు తీసుకుని, తన పెన్సిల్ పటంలోని బాతును నెమ్మదిగా చెరిపాడు. తర్వాత వెళ్ళి, మా ఇద్దరికీ టీ తనే పెట్టాడు.

ఒడ్డు వైపు మొత్తం పదిహేడు పేర్లు రాశాను. చివరి బండ దగ్గర చిన్న సున్నా చుట్టి వదిలేశాను. దాని పేరు తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు. సెప్టెంబరు పెద్ద ఆటుకు దాని దాకా నడిచి వెళ్తాను. పేరు మాత్రం ఇంకా రాయలేదు.