మూగ ఆటలో నోరు తెరిచిన రోజు

దోన్ ఎల్పీడియోకి చూపు లేదన్న సంగతి నాకు గురువారం తెలిసింది. లీగు ప్రతినిధి ఆయన్ని పరీక్షించడానికి వచ్చేది శనివారం. మధ్యలో ఒకే ఒక్క రోజు.

నా పేరు వాస్కర్. పగలు చక్కెర మిల్లులో చెరకు తూకం దగ్గర పని, సాయంత్రం మా వాడ బేస్‌బాల్ జట్టుకి క్యాచర్‌ని, ముఖానికి మాస్కు కట్టుకుని బ్యాటర్ వెనక బంతి పట్టేవాణ్ని. దోన్ ఎల్పీడియో మా కోచ్. ఆయనకి డెబ్బై ఒక్కేళ్లు, అందులో నలభై మా మైదానంలోనే గడిచాయి. భార్య పోయాక ఆయనకు మిగిలింది కూడా ఆ మైదానమే. కిందటి నెల మ్యాచ్ మధ్యలో ఆయన గీత దాటి నడిచి అంపైర్‌ని ఢీకొట్టారు. అవతలి జట్టు ఫిర్యాదు చేసింది. శనివారం పనికిరాడని తేలితే, ఆ రోజుతో ఆయన కోచ్ కాదు.

మా సాధన చూసి మిగతా వాడలవాళ్లు నవ్వేవాళ్లు. మేం బంతితో మొదలుపెట్టం. నీళ్ల డబ్బా మూతను ఒకడు విసిరితే ఇంకొకడు చీపురు కర్రతో కొట్టాలి. మూత గాలిలో పాములా మెలికలు తిరుగుతుంది. దాన్ని కొట్టడం అలవాటైనవాడికి అసలు బంతి గుమ్మడికాయంత కనిపిస్తుంది. తర్వాత ప్లేటు ఆట. పాత కారు నంబరు ప్లేటును రాయికి ఆనించి, దూరం నుంచి ఒక్క టప్పా పడేలా బంతి విసిరి దాన్ని పడగొట్టాలి. చివర మూగ ఆట. తొమ్మిది మందీ మైదానమంతా పరుచుకుని, ఒక్క మాట లేకుండా బంతిని ఒకరి నుంచి ఒకరికి పంపాలి. బంతి ఎటు వెళ్లాలో చూపుతోనే చెప్పుకోవాలి. మాట్లాడినవాడు వెళ్లి బాదం చెట్టు కింద బల్ల మీద కూర్చోవాలి. ఆ నియమం గోడ మీద సున్నంతో రాసి ఉంది: నోరు తెరిస్తే అవుట్.

గురువారం నాడు ప్లేటు తుప్పుపట్టి రెండుగా విరిగింది. దాని బదులు నేను ఒక అట్టముక్క నిలబెట్టాను. రెండో, మూడో బేస్‌ల మధ్య కాపుకాసే మా షార్ట్‌స్టాప్, చేపే అనేవాడు, విసిరిన బంతి సరిగ్గా తగిలింది. అట్ట వెల్లకిలా పడింది.

"తప్పింది. మళ్లీ విసురు," అన్నారు దోన్ ఎల్పీడియో.

చేపే నోరు తెరవబోయి ఆగాడు. నేనే అన్నాను, అట్ట పడిపోయింది కదా మాస్టారూ అని.

"అట్టా? ప్లేటేమైందిరా?"

ఆయన ముఖం నా వైపు తిరిగింది. చూపు మాత్రం నా భుజం మీదుగా ఎటో వెళ్లింది. అంతా ఒక్కసారిగా అర్థమైంది. కర్రకు మూత తగిలే టక్కుమనే చప్పుడు, రేకు మోగడం, గ్లవ్‌లో బంతి పడడం. మమ్మల్ని మూగవాళ్లను చేసింది తాను వినడానికి. ఎదురుగా కిరాణా కొట్టు నడిపే ఫేఫా మా సాధన వేళ స్పీకర్లు ఆపేది. అది గౌరవం అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆయన్ని ఇంటిదాకా నడిపించాను. రెండేళ్లయిందట. ముందు అంచులు చీకటిపడ్డాయి, తర్వాత మధ్యలోకి పాకింది. డాక్టరు ఇక చేసేదేమీ లేదన్నాడు.

"ఈ సీజన్ ఒక్కటిరా వాస్కర్. అయ్యాక నేనే దిగిపోతాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు."

మాటిచ్చాను. శుక్రవారం పొద్దున్న మిల్లు గేటు దగ్గర చేపే నన్ను పక్కకి లాగాడు.

"మాస్టారి సంగతి నీకూ తెలిసిపోయిందిగా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేంటి? ఏడాదిగా జట్టు మొత్తానికి తెలుసు. నువ్వు మాస్కు కన్నాల్లోంచి చూసేవాడివి కదా, నీకే ఆలస్యమైంది."

వాడు నవ్వలేదు. మధ్యాహ్నానికల్లా మిల్లు షెడ్డులో కొత్త రేకు ప్లేటు సంపాదించాం. మధ్యలో గుద్దితే చర్చి గంటలా మోగింది.

శనివారం తొమ్మిదింటికి లీగు ప్రతినిధి పెగేరో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. మర్యాదగానే మాట్లాడాడు. కంచె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ప్లేటు ఆట బాగా సాగింది. "పడింది." "తప్పింది, ఎడమకి జానెడు." దోన్ ఎల్పీడియో ఒక్కటీ తప్పు చెప్పలేదు. పెగేరో తల ఊపి రాసుకున్నాడు.

మూగ ఆట మొదలైంది. బంతి మూడు చేతులు మారిందో లేదో, కిరాణా కొట్టు స్పీకర్లు హోరెత్తాయి. ఫేఫా తన అత్త చనిపోయిన తొమ్మిదోరోజు ప్రార్థనకి వెళ్లింది. కొట్లో ఆమె తమ్ముడున్నాడు. ఆపాలని అతనికెవరూ చెప్పలేదు. బచాతా పాటకి చుట్టుపక్కల రేకు కప్పులు వణికాయి.

దోన్ ఎల్పీడియో తల ఒక పక్కకి వాలింది. మళ్లీ రెండో పక్కకి. చేతులు ప్యాంటు గుడ్డను పట్టుకున్నాయి.

పెగేరో కుర్చీలోంచి లేచి ఆయన చెవి దగ్గరికి వచ్చాడు. "బంతి ఇప్పుడు ఎవరి దగ్గరుందండీ?"

ఆయన చెయ్యెత్తి ఒకవైపు చూపబోయి దించేశారు.

"చేపే!" అని అరిచాడు చేపే, బంతి పట్టుకున్న చెయ్యి పైకెత్తి. అక్కణ్నుంచి బంతి మూడో బేస్‌కి వెళ్లింది. అక్కడివాడు తన పేరు అరిచాడు. తర్వాతివాడు, ఆ తర్వాతివాడు. ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నా దాకా వచ్చింది. నేనూ గొంతు చించుకుని "వాస్కర్" అన్నాను.

పెగేరో మావైపు చూడడం లేదు. గోడ మీది సున్నపు అక్షరాలు చదువుతున్నాడు. మూగ ఆటలో తొమ్మిది మంది ఎందుకు అరిచారో అతనికి ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. మాస్టారిని కాపాడబోయి మేమే పట్టించాం.

పాట అయిపోయింది. రెండో పాట మొదలయ్యే లోపు కొంచెం నిశ్శబ్దం దొరికింది.

"తొమ్మిది మందీ అవుట్," అన్నారు దోన్ ఎల్పీడియో నెమ్మదిగా. "వెళ్లి కూర్చోండి."

వెళ్లి బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నాం. అప్పుడాయన పెగేరో నిలబడ్డ వైపు తిరిగారు.

"నాకు కళ్లు కనపడవండీ. రెండేళ్లయింది. వీళ్ల తప్పేం లేదు, నేనే దాచాను."

అంతే. టోపీ తీసి పెగేరో చేతిలో పెట్టారు. అడుగులు లెక్కపెట్టుకుంటూ బాదం చెట్టు దాకా నడిచారు. చేపే జరిగి చోటిచ్చాడు.

"నేనూ నోరు తెరిచాను కదరా," అన్నారు కూర్చుంటూ.

సోమవారం కొత్త కోచ్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, మెడలో ఈల, సంచీ నిండా రంగురంగుల ప్లాస్టిక్ గుర్తులు. మీరు రోజూ ఏం సాధన చేస్తారని అడిగాడు. నేను వెళ్లి ప్లేటును రాయికి ఆనించాను. కొట్టు స్పీకర్లు ఆగిపోయాయి. గుమ్మంలో ఫేఫా నిలబడి ఉంది.

చేపే విసిరాడు. రేకు మోగింది, పడింది.

"తగిలింది," అన్నాడు కొత్త కోచ్.

"అంచుకి," అన్న గొంతు బాదం చెట్టు కింద నుంచి వినిపించింది. "మధ్యలో తగిలితే ఇంతకంటే లావుగా మోగుతుంది."

కొత్త కోచ్ వెళ్లి ప్లేటు ఎత్తి చూశాడు. కుడి అంచున కొత్త సొట్ట. దాన్ని వేలితో తడిమాడు. తర్వాత ప్లేటును మళ్లీ రాయికి ఆనించి, మెడలోని ఈల తీసి జేబులో వేసుకున్నాడు.

"మళ్లీ విసురు," అన్నాడు చేపేతో. చెప్పి బల్ల దగ్గరికి వెళ్లి, దోన్ ఎల్పీడియో పక్కన కూర్చున్నాడు.