నాడి దగ్గర ఎర్రదారం

హుసేన్ వలి సీసాలు కడుగుతున్నాడు. మందు పోయించుకోవడానికి రోగులు ఇళ్ళనుంచి తెచ్చుకున్న సీసాలు అవి. వేడినీళ్ళు పోసి, ఇసుక వేసి ఆడించి, వెలుతురుకు పట్టి చూసి బోర్లిస్తున్నాడు. బేతంచెర్ల అవతల రాళ్ళ గనుల దగ్గరున్న ఆ చిన్న దవాఖానాలో ముప్పై ఏళ్ళుగా ఆయనే కాంపౌండరు. పొట్టి మనిషి, వేళ్ళ కొసలకు టింక్చరు మరకలు, ఖాకీ కోటుకు మిగిలినవి రెండే గుండీలు. రెండు రోజులుగా రొమ్ములో బరువుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. నోట్లో నాలుక లేని మనిషి, ఏం చెబుతాడు!

ఆ నోరు లేకపోవడమే మూడేళ్ళ కింద ఒక ప్రాణం తీసింది. గనికూలీ గోపన్నకు ఒకసారి పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి పెదవులు వాచాయి. వలి కళ్ళారా చూశాడు. ఆరు నెలలకు గోపన్న మళ్ళీ వచ్చేసరికి డాక్టరు మారాడు. కొత్తాయన అదే మందు సూదిలోకి ఎక్కిస్తుంటే, పెద్ద చదువులు చదివినాయనకు నేనేం చెప్పేదిలే అని వలి ఊరుకున్నాడు. గోపన్న బల్ల దిగకుండానే పోయాడు. అయ్యో, ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది!

ఆనాటి నుంచి పెన్సిలిన్ పడనివాళ్ళ సీసా మెడకు ఎర్రదారం కట్టడం మొదలుపెట్టాడు. చీటీ ఇస్తే పొయ్యిలోకి పోతుంది, సీసా అయితే ఎవరూ పారేయరు. "బిస్మిల్లా" అనుకుని మూడు ముళ్ళు వేసి, కొసను పళ్ళతో కొరికేవాడు. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఆ సీసాను తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టేవాడు. నోరు తెరిచే పని తప్పింది.

ఆరు నెలల కింద వచ్చిన దేవేంద్రప్ప డాక్టరు అది చూసి నవ్వాడు. "ఇది దవాఖానానా, దర్గానా, ఏమప్పా?" అన్నాడు. అయినా బల్ల మీదికి దారమున్న సీసా వస్తే పెన్సిలిన్ జోలికి పోయేవాడు కాదు.

పదకొండింటికి హంపమ్మ వచ్చింది. బండ పడి కాలివేలు నలిగి చీము పట్టింది. ఆమె సీసా చేతిలోకి తీసుకోగానే వలి ఆగిపోయాడు. మూతి పగిలిన పచ్చసీసా, తనకు తెలిసిందే. మెడ బోసిగా ఉంది. తల తిప్పి చూస్తే డాక్టరు చేతిలో సూది నిండి ఉంది.

"హంపమ్మా, దారం యాడ?"

"దూడకు కట్టినా సాయిబన్నా. పాలు తాగకుండా పండుకోని ఉండె. నీ దారం కడితే మూడు దినాలకే లేసె. నీ చేతిలో శానా మహిమ ఉండాది!"

"సార్, ఆపండి!"

ఆ గొంతు తనదేనా అని వలికే అనుమానం వచ్చింది. "ఈమెకు పెన్సిలిన్ పడదు సార్. పోయినేడు మొగం వాచి ఊపిరాడకపాయె."

డాక్టరు సూదిని పళ్ళెంలో పెట్టేశాడు. ఆయన భయమంతా కోపమై హంపమ్మ మీదికి మళ్ళింది.

"ప్రాణానికి కట్టిన దారం దూడకు కడతావా? బుద్ధుండాదా నీకు?"

"దూడది ప్రాణం కాదా సామీ?"

వలి చేతులు తుడుచుకున్నాడు. "తప్పు నాదే సార్. సీసాకు కడితే నేనుంటేనే మీ దాకా వస్తాది. నేను లేనినాడు? చేతికి కడతా. ఒంటిమీద దారం వీళ్ళు విప్పరు. మందు రాసే ముందు మీరు ఎప్పుడూ ఎడమచేతి నాడే పట్టుకుంటారు. ఆడ కడితే మీ వేలికే తగులుతాది."

తనకు అలాంటి అలవాటుందని డాక్టరుకే తెలియదు. కాసేపు తన వేళ్ళను చూసుకుని, "కట్టప్పా," అన్నాడు. హంపమ్మకు సల్ఫా బిళ్ళలు రాశాడు.

వలి ఆమె ఎడమచేతి గాజులు వెనక్కి జరిపి, నాడి మీద దారం చుట్టి మూడు ముళ్ళు వేశాడు. "ఎవరు సూది తీసినా ఇది చూపించు. దూడకు మాత్రం కట్టొద్దు తల్లీ." హంపమ్మ పకపకా నవ్వింది.

దారమున్న సీసాలవాళ్ళు ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. అందరి పేర్లూ వలికి నోటికి వచ్చు. వాళ్ళ చేతులకూ కట్టడానికి దారపు కండె జేబులో వేసుకున్నాడు. "రేపు పోరాదా, ఎండ చూడు," అన్నాడు డాక్టరు. వలి తల ఊపి, ఎండలోనే గనుల దారి పట్టాడు. రొమ్ములో బరువు సంగతి అప్పుడైనా చెప్పి ఉంటే డాక్టరు ఆయన నాడి చూసి ఉండేవాడు. ఊరివాళ్ళ కోసం పెగిలిన గొంతు తన కోసం పెగల్లేదు, ఏం మనిషో! గని గనికీ తిరిగి ఎనిమిది చేతులకూ కట్టాడు. చివరివాడికి కట్టి, కొస కొరికి, చెక్కిన బండ మీద కూర్చున్నాడు. వాడు నీళ్ళు తెచ్చేసరికి ప్రాణం పోయి ఒరిగి ఉన్నాడు. దారపు కండె పిడికిట్లోనే ఉంది.

పది రోజులకు గని నుంచి ఒకణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. జ్వరంతో ఒళ్ళు తెలియడం లేదు. మోసుకొచ్చినవాళ్ళకు అతని సంగతేమీ తెలియదు. దేవేంద్రప్ప పెన్సిలిన్ బుడ్డి బయటపెట్టి, ఎడమచేతి నాడి పట్టుకున్నాడు. వేలికింద ముడి తగిలింది. మూడు ముళ్ళు.

డాక్టరు చాలాసేపు ఆ చేతిని వదల్లేదు. తర్వాత వేరే మందు ఇచ్చాడు. మూడోనాటికి ఆ మనిషి లేచి గంజి తాగాడు.

పెన్సిలిన్ బుడ్లున్న డబ్బాను ఇప్పుడు ఎవరు తెరవాలన్నా ముందు మూత మీదున్నది తీసి పక్కన పెట్టాలి. డాక్టరే పెట్టాడు దాన్ని అక్కడ: సగం తరిగిన ఎర్రదారం కండె, కొసన వలి పళ్ళ గాటు.