తొట్టి కింద మట్టి

మా గుడికి కొత్త జ్ఞానస్నానపు తొట్టి చెక్కడానికి హామండ్ కుదిరిన ఏడాదే అతని పెళ్లాం ఎమ్మట్‌కు నెల తప్పింది. పెళ్లయిన చాలా ఏళ్లకు నిలిచిన కడుపు. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం.

ఉన్ని బేరాల్లో బాగుపడ్డ ఊరి పెద్దలు అప్పటికే గుడి కప్పు ఎత్తు చేయించారు. కిటికీలకు రంగు అద్దాలు పెట్టించారు. బలిపీఠానికీ జనానికీ నడుమనున్న చెక్క తెర మీద పునీతుల బొమ్మలకు బంగారుపూత వేయించారు. తలుపు పక్కనున్న పాత తొట్టి ఒక్కటే గొడ్ల కుడితితొట్టిలా మొండిగా మిగిలిపోయింది. దాని స్థానంలో ఎనిమిది పలకల రాతి తొట్టి రావాలి. ఏడింటి మీద జ్ఞానస్నానం, పెళ్లి, చావబోయేవాడికి నూనె పూయడం లాంటి ఏడు సంస్కారాలు, ఎనిమిదో దాని మీద శిలువ.

చలికాలమంతా హామండ్ గుళ్లోనే గడ్డి పరుచుకుని కూర్చుని చెక్కాడు. వచ్చేపోయేవాళ్లు ఊరుకునేవారు కాదు.

"ఏవయ్యా, చావబోయే ముసలాడికి మా మావ మొహం పెట్టేవేంటి? చూశాడంటే నిజంగానే పోతాడు," అనేది ఒకావిడ.

"రోజూ వచ్చి నా నెత్తి మీద నించుంటాడు. ఆయన మొహం కాక ఇంకెవరిది వస్తుందే?" అనేవాడు తలెత్తకుండా.

ఎమ్మట్‌కు నొప్పులు మంచు కురుస్తున్న రోజున మొదలయ్యాయి. మంత్రసాని హామండ్ తల్లి సాబిన్. ఊళ్లో సగంమందిని భూమ్మీదికి తెచ్చిన చేతులు ఆమెవి. ఎమ్మట్ వీపుకు ఆసరాగా నేను కూర్చున్నాను. తెల్లారి మొదలైన నొప్పులు పొద్దు వాలేదాకా తగ్గలేదు. చివరికి ఆడపిల్ల పుట్టింది. పేగు మెడకు చుట్టుకుని, ఒళ్లంతా నీలంగా. సాబిన్ పేగు విప్పి, కాళ్లు పట్టుకుని తట్టి, నోట్లో ఊదింది. పిల్ల ఒక్కసారి ఊపిరి తీసింది, చిన్నగా మూలిగింది.

ప్రాణం నిలవదనుకుంటే మంత్రసానే నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. అప్పుడు అనాల్సిన మాటలు గుడి పాదిరి గెర్వాస్ అయ్యగారు మంత్రసానులందరికీ నేర్పించే ఉంచారు. సాబిన్ గిన్నెలో నీళ్లందుకుంది. "దేవుడూ పునీత యోహానూ ఈ పిల్లని ఎముకా మాంసంతో సహా కడుగుదురు గాక" అంటూ నెత్తిన పోసింది. ఆ నీళ్లు బుగ్గల మీంచి కారేలోపే పిల్ల పోయింది.

అయ్యగారు మంచులో పడుతూ లేస్తూ వచ్చారు. గడపలో నిలబడే అడిగారు.

"పోసేటప్పుడు ఏమన్నావు సాబిన్?"

ఆమె చెప్పింది. ఏ మాట అన్నదో ఆ మాటే చెప్పింది.

"పితా పుత్రా పవిత్రాత్మ నామమున అనలేదా?"

"అనలేదయ్యా. నోటికి రాలేదు. మా అమ్మ చిన్నప్పుడు అనేది, అదే వచ్చేసింది."

అయ్యగారు కళ్లు మూసుకున్నారు. హామండ్ తల్లి భుజాలు పట్టుకుని ఊపేశాడు. "అన్నానని చెప్పమ్మా! నీకు గుర్తులేదంతే. అన్నావే, అనే ఉంటావే!"

"దేవుడి ముందు అబద్ధమాడితే చెల్లుద్దా రా?" అంది సాబిన్. ఆపైన గోడవైపు తిరిగిపోయింది.

ఆ మాటలు లేకుండా పోసిన నీళ్లు జ్ఞానస్నానం కిందికి రావు. జ్ఞానస్నానం లేని బిడ్డకు మోక్షం లేదు, గుడి నేలలో చోటూ లేదు. ఉత్తరపు గోడ అవతల, ముళ్ల కంచె కింద పెట్టుకోవాలి. అయ్యగారు ఏడుస్తూనే ఆ మాట చెప్పారు. చెప్పకుండా ఉండే దారి ఆయనకూ లేదు.

హామండ్ గుడి బెంచీలకు వాడగా మిగిలిన ఓక్ చెక్కతో చిన్న పెట్టె కొట్టాడు. కంచె కింద గుంట తవ్వి పూడ్చాడు, మేమంతా చూశాం. ఆ గుంటలో పెట్టె లేదని మాకెవరికీ తెలియదు.

ఎమ్మట్ ఇంకా మంచం దిగలేదు. నేను గంజి తాగిస్తుంటే హామండ్ వచ్చి పక్కన కూలబడ్డాడు. అతని మొహంలో ఏదో వెలుగు.

"ఎమ్మీ, మన పిల్ల కంచె కింద లేదే. గుళ్లోనే ఉంది. తొట్టి కింద మెట్టు కట్టేనుగా, దాని నడిమిట్లో పెట్టి సున్నం పోసేశా. కూలోళ్లు బీరు తాగడానికెళ్లినప్పుడు."

నా చేతిలో గిన్నె ఒలికింది.

"తొట్టి అడుగున బెజ్జం ఉంటదే," అన్నాడు ఆత్రంగా. "స్నానమైపోయాక నీళ్లు అందులోంచి తిన్నగా నేలలోకి దిగుతాయి. ఊళ్లో ఏ బిడ్డకి పోసినా ఆ నీళ్లు మన పిల్ల మీద పడతాయే. ఎన్ని నీళ్లు! ఎన్నేళ్లు!"

ఎమ్మట్ ఒలికిన గిన్నె నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది.

"నీళ్లు సరే. మాటలెవరంటారు?" అంది.

ఆ ప్రశ్న హామండ్‌ను తిననివ్వలేదు, చెక్కనివ్వలేదు. చివరికి అయ్యగారి దగ్గరికే వెళ్లి అడిగాడు, ఊరికే తెలుసుకోవడానికి అన్నట్టు: దీవించిన నీళ్లు చచ్చిపోయినవాళ్ల మీద పడితే, ఎంతోకొంత చెల్లదా అని.

"చచ్చినవాళ్లకి జ్ఞానస్నానం లేదు నాయనా," అన్నారు అయ్యగారు. తరవాత తొట్టి కేసీ, ఇంకా తడారని సున్నం కేసీ, అతని మొహం కేసీ చూశారు. "అయ్యో హామండ్! ఏం చేశావురా?"

బిషప్‌గారికి తెలిస్తే గుడి మైలపడిందని మూసేస్తారు. ఊరికి పూజ ఉండదు, పెళ్లి ఉండదు, చచ్చినవాళ్లకు ప్రార్థన ఉండదు. హామండ్‌కు అది చెప్పనక్కర్లేదు. అందరిలాగే అతనూ నమ్మినవాడే. తన చేత్తో కట్టిన మెట్టును తన ఉలితోనే విప్పాడు. అయ్యగారు అంగీ చేతులు పైకి మడిచి రాళ్లు అందుకున్నారు. ఇద్దరూ పెట్టెను మోసుకెళ్లి కంచె కింద పెట్టారు. అయ్యగారి పెదవులు కదిలాయి గాని, చదవడానికి ప్రార్థనేమీ లేదు.

తొట్టి ఈస్టర్ నాటికి పూర్తయింది. ఎనిమిది పలకలూ బాగున్నాయని ఊరంతా మెచ్చుకుంది. మొదటి స్నానం పిండిమర యజమాని కొడుక్కి. ఆ కాన్పుకు సాబిన్‌ను పిలవలేదు. ఆ తరవాత ఏ ఇంటికీ పిలవలేదు. ఆమె బావి దగ్గర కుండ నింపుతూ, బఠానీలు కడుగుతూ, కోళ్లకు నీళ్లు పోస్తూ అవే మాటలు గొణుక్కునేది, పితా పుత్రా పవిత్రాత్మ నామమున. ఒక్క అక్షరం తప్పేది కాదు. హామండ్ పక్కనుంటే లేచి బయటికి పోయేవాడు. కొన్నాళ్లకు వేరే ఊరి గుడికి పనికెళ్లాడు. మళ్లీ తిరిగి రాలేదు.

కాన్పయి నలభై రోజుల మైల తీరాక ఆడది గుడి ముందు వసారాలో మోకరిస్తే, అయ్యగారు దీవించి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తారు. ఈస్టర్‌కు ముందే, చలి ఇంకా పోకుండానే ఎమ్మట్‌కు ఆ రోజు వచ్చింది; తోడు నేనే వెళ్లాను. కొవ్వొత్తి పట్టుకుని మోకరించింది. అయ్యగారు దీవెన చదివి చెయ్యి చాచారు.

"రా తల్లీ."

"రాలేనయ్యా."

"ఎమ్మట్, నీ తప్పేం లేదమ్మా. దేవుడి ఇల్లు ఇది."

"నా పిల్ల బయటుంది. నేను లోపలికొచ్చి ఏం చెయ్యను?" అంది మెల్లగా. కోపంగా కూడా అనలేదు.

నేను జబ్బ పట్టుకుని లాగాను. కదల్లేదు. లోపల పాట మొదలైంది. అయ్యగారు చెయ్యి దించుకుని లోపలికి వెళ్లిపోయారు. ఎమ్మట్ కొవ్వొత్తి ఆర్పి, గోడ వారన ఉన్న రాతి అరుగు మీద కూర్చుంది. ఆమెను ఒంటరిగా వదల్లేక నేనూ పక్కన కూర్చున్నాను. చలికి రాయి మంచులా తగిలింది.