విజయనగర పతనానికి ఐదో కారణం

చరిత్ర పేపరు నేను రెండుసార్లు తప్పాను. అందులో చరిత్ర తప్పేమీ లేదు, నా తప్పు అంతకన్నా లేదు. పుట్టుకతో చూపు లేనివాణ్ణి కాబట్టి నేను చెబుతుంటే ఇంకొకరు రాయాలి. మొదటిసారి రాసినాయనకు చెయ్యి నొప్పి. పది వాక్యాలు చెబితే నాలుగు రాసి, అన్నీ రాశానని ఒట్టు పెట్టాడు. రెండోసారి వచ్చినాయన తెలివైనవాడు. నేను చెప్పింది నచ్చని చోటల్లా తనకు తెలిసింది రాసుకున్నాడు. ఆయనకు తెలిసిన చరిత్రకు పదకొండు మార్కులు వచ్చాయి. మార్కుల కార్డు మీద పేరు మాత్రం నాదే, హంపేశ్ అని.

మూడోసారే ఆఖరు. సిలబస్ మారిపోతోంది, పాత సిలబస్‌వాళ్ళకు ఇంకో అవకాశం లేదని మా సర్కారు డిగ్రీ కాలేజీలో నోటీసు పెట్టారు. మిగతా పేపర్లన్నీ పాసై ఈ ఒక్కటి పోతే బి.ఏ. మొత్తం పోయినట్టే. మూడేళ్ళు మా ఊరు హచ్చొళ్ళి నుంచి బస్సులో నిలబడి వచ్చింది ఇందుకా అని కడుపు మండింది. ఈసారి బద్ధకస్తులు వద్దు, తెలివైనవాళ్ళు అసలే వద్దు, చెప్పింది చెప్పినట్టు రాసేవాళ్ళు కావాలని వెతికి వెతికి మా పెద్దమ్మ కూతురు నేత్రావతిని పట్టాను.

నేత్రక్క పదో తరగతి పాసైంది. రాసేవాళ్ళు నాకంటే తక్కువ చదివి ఉండాలన్న రూలుకు సరిపోయింది. హగరిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో దినకూలికి పోతుంది. జొన్న మడుల్లో మొక్కల ఎత్తు కొలవడం, ఆకులు లెక్కపెట్టడం, పుస్తకంలో రాయడం ఆమె పని. ఒకసారి మడిలో కుక్క దూరి పరిగెత్తిందట. ఇందులో రాసేదేముందని వదిలేసింది. ఆ వారం కొలతలన్నీ తలకిందులయ్యాయి, అక్కడి సారు ఆమెను నిలబెట్టి చెడామడా తిట్టాడు. ఆ రోజు నుంచి కంటికీ చెవికీ తగిలిందల్లా పుస్తకంలోకి ఎక్కాల్సిందే. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా సంబరపడ్డాను, అదీ నా తెలివి.

పరీక్ష రోజు మా ప్రిన్సిపాల్ కోదండరామి సారు గేటు దగ్గరే అక్కను ఆపాడు. ఈ కన్నడ జిల్లాలో మాలాగే ఆయనా తెలుగాయనే. గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది.

“చూడమ్మా, వాడు చెప్పిండేది చెప్పినట్ల రాయల్ల. ఒక అక్షరం ఎక్కువొద్దు, తక్కువొద్దు,” అన్నాడు.

“అట్లే సార్,” అంది అక్క. ఆ గొంతులో భక్తి విని నేను నిశ్చింతగా మెట్లెక్కాను.

ముప్ఫై రెండు మెట్లు. మాకు మేడ మీద చివరి గది ఇచ్చారు, ఆటల సామాను పడేసే గది. పాత చాపల వాసన, విరిగిన బల్ల. కాపలా ఉండాల్సిన మేడం వరండాలో కుర్చీ వేసుకుని ఫోనులో మునిగింది. లోపల నేను, అక్క, పేపరు.

ఇక్కడ నా చదువు గురించి చెప్పాలి. నాకు పాఠాలు చదివి ఫోనులో రికార్డు చేసి ఇచ్చేది మా క్లాసు యల్లేష్. మంచివాడు, కానీ వాడికి తీరిక దొరికేది శనివారం సండూరు బస్సులోనే. కాబట్టి నా పాఠాల్లో విజయనగరం కండక్టరు కేకలకీ గనుల లారీల హారన్లకీ మధ్య కూలుతుంది. వందసార్లు విన్నాక అవి రెండూ నా బుర్రలో విడదీయరాకుండా కలిసిపోయాయి. మొదటి కారణం అయ్యాక కండక్టరు టికెట్ అడగాలి. ఆయన అడిగితేగానీ రెండో కారణం గుర్తుకు రాదు. అందుకని అన్నీ వరసగా పైకి అనుకుంటాను. జవాబు కన్నడంలో, బస్సు తెలుగులో.

విజయనగర పతనానికి ఐదు కారణాలు రాయమన్నారు, కారణానికి రెండు చొప్పున పది మార్కులకు. ఉత్సాహంగా మొదలుపెట్టాను. సుల్తానులు ఏకమయ్యారు, అది ఒకటి. టికెట్, టికెట్, యాడికమ్మా నీకి? వారసుల గొడవలు, అది రెండు. కిటికీ కాడ నేను కూచుంటా, నువ్వు జరగప్పా. ఇట్లా నాలుగు కారణాలు దాటాను. అక్క కలం ఆగకుండా గీరుతోంది. ఎంత చక్కగా రాస్తోందో అని మురిసిపోయాను.

“ఐదోది,” అన్నాను. ఐదోది రాలేదు.

మనసులో ఇంకోసారి సండూరులో బస్సెక్కి వచ్చాను. అప్పుడు తెలిసింది. సరిగ్గా ఐదో కారణం దగ్గర యల్లేష్ పక్కనుంచి లారీ ఒకటి పొడవాటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ హారన్ కింద వాడేం చెప్పాడో నేను ఏనాడూ వినలేదు. వందసార్లు విన్నది హారన్‌నే. ఒళ్ళు మండింది. పొద్దున మెట్లెక్కిన మోకాళ్ళు కూడా అప్పుడే గుర్తొచ్చాయి. ఎవరిని తిట్టాలో తెలియక అందుబాటులో ఉన్న పెద్దమనిషిని తిట్టాను.

“ఆ ప్రిన్సిపాల్‌కి కండ్లు లేవా? చూపు లేనోన్ని మేడెక్కిచ్చి కూకోబెట్టినాడు.”

కలం గీరింది, ఆగింది.

“ఇంగ చెప్పప్పా,” అంది అక్క.

ఆ మాటకు నాకు అనుమానం వచ్చేలోపే వరండాలో బూట్ల చప్పుడైంది. స్క్వాడ్. వేరే జిల్లా నుంచి వచ్చిన అధికారి, తెలుగు ముక్క రాదు. మేడం ఫోను పడేసుకున్న చప్పుడు కూడా విన్నాను. అధికారి నా పేపరు లాక్కుని చదవడం మొదలుపెట్టి, కాసేపటికి ఇదేం భాష అని కన్నడంలో అడిగాడు. అక్షరాలు కన్నడమే, జవాబుల మధ్య వచ్చే ఈ మాటలు మాత్రం ఒక్కటీ అర్థం కావడం లేదన్నాడు. నేత్రక్కకు వచ్చినవి కన్నడ అక్షరాలే. నా తెలుగునంతా వాటిలోనే రాసిపెట్టింది.

ఇది సంకేత భాష అని ఆయన తేల్చాడు. కాపీ కేసు రాస్తానన్నాడు. ఎందుకు రాశావని అక్కను గద్దించాడు.

“ఆయప్ప చెప్పినాడు, నేను రాసినా,” అంది అక్క. వచ్చిన కన్నడంలోనే, ఏ బెరుకూ లేకుండా.

అప్పుడు అర్థమైంది నాకు. కండక్టరు, కిటికీ ఆవిడ, మధ్యలో నేను నీళ్ళడిగింది, ఐదోది రాక తిట్టింది, అన్నీ ఆ పేపరు మీద ఉన్నాయి. పుస్తకంలోంచి కాపీ కేసు ఫారం చించిన చప్పుడు వినిపించింది. అది నింపితే నా బి.ఏ. అయిపోయినట్టే.

కోదండరామి సారును పిలిపించారు. ముప్ఫై రెండు మెట్లూ ఎక్కి వచ్చాడు. ఆయన రొప్పు ఆయనకంటే ముందు గదిలోకి వచ్చింది. అధికారి పేపరు ఆయన చేతికిచ్చి, ప్రతి మాటా చదివి అర్థం చెప్పమన్నాడు.

సారు గొంతు సవరించుకుని, టికెట్ టికెట్ యాడికమ్మా నీకి అని చదివాడు. సర్కారు డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ అచ్చం కండక్టరులా చదువుతుంటే ఇంకో రోజైతే నేను పొర్లి నవ్వేవాణ్ణి. చదివి కన్నడంలో అర్థం చెప్పాడు. అన్నీ ఒక్క మనిషి మాటలేననీ, రాసే ఆమె ఒక్క జవాబూ అందించిన జాడ లేదనీ వివరించాడు. అధికారి కొంచెం మెత్తబడ్డాడు.

తర్వాత ఐదోది వచ్చింది. సారు ఆగిపోయాడు.

ఆయనకు నా మీద కోపం రావడానికి అన్ని హక్కులూ ఉన్నాయి. ఇది నిజంగా సంకేతమే అంటే చాలు, నా బి.ఏ. పోతుంది. అధికారి వదల్లేదు. ఇందులో ప్రిన్సిపాల్ అనే మాట కనబడుతోంది, మీ గురించి ఏమన్నాడని అడిగాడు. ఇంకా తగ్గని ఆ రొప్పు వింటూ కూచున్నాను.

“నాకు కండ్లు లేవా అని అడిగినాడు సార్. చూపు లేనోన్ని ఇన్ని మెట్లు ఎక్కిచ్చినానని,” అన్నాడు చివరికి, కన్నడంలో. కొంచెం ఆగి, “నిజమే. నేనూ ఇప్పుడే ఎక్కొచ్చినా కదా,” అన్నాడు.

అధికారి ఫారం మడిచిన చప్పుడైంది. ఆయన వెళ్ళిపోతుంటే నేత్రక్క నోరు తెరిచింది.

“సార్, మీరొచ్చింది పదకొండు ఇరవైకి. ఇప్పుడు పదకొండు యాభైనాలుగు. అదీ రాయల్నా?”

రాయక్కర్లేదని కోదండరామి సారు ముప్ఫైనాలుగు నిమిషాలు ఎక్కువ ఇప్పించాడు. మిగిలిన పేపరంతా నేను నోరు దగ్గర పెట్టుకుని చెప్పాను. బస్సును మనసులోనే నడిపాను.

ఫలితాలొచ్చాయి. పాసుకు ముప్ఫై ఐదు కావాలి, నాకు సరిగ్గా ముప్ఫై ఐదు. సంతోషం ఒక్క పూట ఉంది. సాయంత్రానికి, నేను చెప్పినదానికి అరవై రావాలి కదా అని కోపమొచ్చి జవాబు పత్రం జిరాక్సు తెప్పించాను. నేత్రక్క మా వసారాలో కూచుని చదివింది. దిద్దినాయన కండక్టరును కొట్టేశాడు, కిటికీ ఆవిడను కొట్టేశాడు. నా అసలు జవాబులన్నిటికీ కలిపి పడింది ముప్ఫైనాలుగే.

“ముప్ఫై ఐదోది యాడుండాదక్కా?”

అక్క కాగితాలు తిప్పింది. ఐదోది అని నేనన్న మాట పక్కన వరస నంబరు అయిదు వేసి, దాని కింద ప్రిన్సిపాల్ కండ్ల సంగతి రాసిందట. దిద్దినాయన నంబర్లు చూసుకుంటూ పోయినట్టున్నాడు. విజయనగర పతనానికి ఐదో కారణంగా దానికి ఒక మార్కు వేశాడు.

మార్కుల కార్డు తీసుకోవడానికి కాలేజీకి పోతే కోదండరామి సారే పిలిచాడు. వచ్చే పరీక్షల నుంచి చూపు లేనివాళ్ళకు కింద తన గది పక్క గదే ఇస్తున్నామని చెప్పాడు. మనసు ఆగక ఆ మార్కు సంగతి చెప్పేశాను. చెప్పాక భయపడ్డాను.

సారు కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

“ఒక్క మార్కేనా ఏసింది?” అన్నాడు. “రెండూ ఏయాల్సిందిరా.”