నేలవేముకి పథ్యం

మా బావ రాజగోపాల్ గుండెలో లోహపు వాల్వు ఉండేది. గది నిశ్శబ్దంగా ఉంటే అది టిక్కు టిక్కుమనడం పక్కవాళ్లకి కూడా వినిపించేది. రక్తం గడ్డకట్టకుండా ఆయన రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. రక్తం చిక్కబడితే వాల్వు మూసుకుపోతుంది, మరీ పలచబడితే ఎక్కణ్ణుంచి కారుతుందో తెలియదు. ఆయన ఇంజనీరు కాబట్టి నాకు బొమ్మ గీసి చెప్పాడు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి కాబట్టి రెండోసారి కూడా చెప్పాడు.

ఎనభై నాలుగు చలికాలం. అమెరికాలోని పార్సిప్పనీలో అక్కావాళ్ల అపార్ట్‌మెంట్‌లోనే నేనూ ఉండేవాణ్ణి. దగ్గర్లో ఒక థాయ్ హోటల్లో వంటపని. బావకి దగ్గు పట్టుకుంది. ఆయన గుండె డాక్టరు శ్యామ్‌సుందర్ రాసిన సిరప్‌కి లొంగలేదు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదని హోటల్లో అంటే, నాతో పనిచేసే ప్రానీ అనే థాయ్ ఆవిడ తమ ఊరి నుంచి తెప్పించుకున్న ఆకుపొడి ఒక పొట్లం కట్టి ఇచ్చింది.

బావ వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. చేదుకి ముఖం ముడుచుకుపోయి, వెంటనే వెలిగింది.

"ఒరే నరసింహా, ఇది నేలవేమురా! మా అమ్మ పట్టుకుని తాగించేది. థాయ్ మందేంటి, మన గట్ల మీద మొలిచేదే!"

"డాక్టర్ గారికి ఒక ఫోన్ చేయండి బావా."

"నేలవేముకి పర్మిషనా? రేపు చారుక్కూడా అడగమంటావా?"

మన మొక్క అనేసరికి మన పద్ధతీ వచ్చింది. నేలవేము తాగితే పథ్యం ఉండాలని వాళ్లమ్మ నియమం. చింతపండు వద్దు, వంకాయ వద్దు, ఆకుకూర అసలే వద్దు. మా అక్క మీనాక్షి రోజూ వండే పాలకూర పప్పు ఆగిపోయింది. పొద్దున కషాయం, మధ్యాహ్నం పెసరకట్టు, రాత్రి మామూలుగా మాత్ర.

వారంలో దగ్గు తగ్గింది. ఆ ఆదివారమే పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం మొదలై ఆగలేదు. తర్వాత ముక్కు. అక్క పట్టిన తువ్వాలు తడిసిపోయింది. నేను డ్రైవ్ చేశాను.

ఎమర్జెన్సీలో శ్యామ్‌సుందర్ రక్తపరీక్ష చూసి బావ పక్కన నిలబడ్డాడు.

"రాజగోపాల్ గారూ, మాత్ర డబుల్ వేసుకున్నారా?"

"లేదండీ."

"ఆస్పిరిన్? ఇంకే మందైనా?"

"నో. ఏ మందూ లేదు."

నేను నోరు తెరిచాను. "నువ్వాగరా, ఇది హోటల్ కాదు," అన్నాడు బావ, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకునే.

"పోనీ ఆకుకూరలు ఎప్పట్లాగే తింటున్నారా? ఎక్కువా తక్కువా చేయొద్దన్నాను గదా, ఆకుకూర తగ్గితే ఆ మాత్ర జోరు పెరుగుతుందని."

వంట సంగతి కాబట్టి అక్క అందుకుంది. "మానేశారండీ. పథ్యం కదా."

అమెరికా డాక్టరైతే ఆ మాట దాటి వెళ్లిపోయేవాడే. శ్యామ్‌సుందర్‌ది తెనాలి. రాస్తున్న పెన్ను ఆపాడు.

"పథ్యమా? ఏ మందుకండీ పథ్యం?"

గదిలో వాల్వు టిక్కు టిక్కుమంది. అక్క నా వైపు చూసింది. బావ గోడ వైపు చూశాడు.

"నేలవేముకి," అన్నాను. ప్రానీ పొట్లం సంగతి కూడా చెప్పాను.

ఇంజక్షన్ చేశారు, ప్లాస్మా ఎక్కించారు. సాయంత్రానికి రక్తం ఆగింది.

"పొడి చేసిందో, ఆకుకూర మానడం చేసిందో, రెండూ కలిశాయో చెప్పలేను," అన్నాడు శ్యామ్‌సుందర్. "ఆ పొడినీ మా మాత్రనీ కలిపి చూసినవాళ్లు నాకు తెలిసి లేరు. మీరే చూశారు."

ఎండాకాలం తెలుగువాళ్ల పిక్నిక్‌లో బావ పదిమందిని చుట్టూ పెట్టుకుని, "మా బావమరిది థాయ్ మందు పెట్టి నన్ను లేపేద్దామనుకున్నాడండీ!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పులిహోర వడ్డిస్తున్నాను. నాలుక మీద పెట్టుకుని నేలవేమని గుర్తుపట్టిన ముక్క ఆ కథలో లేదు. తర్వాత చాలా ఇళ్లలో చెప్పాడు, ఎక్కడా లేదు.

హోటల్లో ప్రానీ ఒకరోజు ఉల్లికాడలు తరుగుతూ, మీ బావకి దగ్గు తగ్గిందా అని అడిగింది.

తగ్గిందన్నాను.